ఫ్యామిలీ అంతా కలిసి మొదటిసారి లాస్ వేగాస్: అందరూ అడిగే ప్రశ్నలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, డాలస్ నుంచి బావ వాళ్లు, న్యూజెర్సీ నుంచి చెల్లి వాళ్లు దిగుతున్నారు, లాంగ్ వీకెండ్ ఉంది, ఎవరో ఒకరు వేగాస్ పోదామా అన్నారు. అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి, ప్రతి ఇంట్లోనూ దాదాపు అవే ప్రశ్నలు. ఇది ఫ్రెండ్స్‌తో బ్యాచిలర్ పార్టీకి వెళ్లేవాళ్ల కోసం కాదు. చంటిపిల్లలు, టీనేజ్ పిల్లలు, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు అందరూ ఉన్న గుంపు కోసం.

పెద్దవాళ్లని, పిల్లల్ని తీసుకెళ్లే ఊరేనా అసలు అది?

తీసుకెళ్లొచ్చు. అక్కడ జూదం ఆడకుండా తిరిగొచ్చేవాళ్లు బోలెడంతమంది, ఎవరూ మిమ్మల్ని బలవంతం చెయ్యరు. కాకపోతే ఇది డిస్నీలాండ్ కాదు. హోటల్ లాబీ నుంచి లిఫ్ట్‌కి, లిఫ్ట్ నుంచి బఫేకి, ఎటెళ్లినా క్యాసినో మధ్యలోంచే దారి, కావాలనే అలా కడతారు. లోపల సిగరెట్ కాలుస్తారు, గోడ గడియారాలు ఉండవు, రాత్రో పగలో తెలీదు. రోడ్డు మీద అర్ధనగ్నంగా ఈకలు కట్టుకుని ఫొటోలకి నిలబడే అమ్మాయిలుంటారు. ఇవన్నీ ఉంటాయని అత్తయ్యకీ మామయ్యకీ ముందే చెప్పేస్తే సగం ఇబ్బంది పోతుంది. చెప్పకుండా తీసుకెళ్తే మాత్రం మొదటి సాయంత్రమే "ఇక్కడికెందుకు తీసుకొచ్చావురా" అన్న మొహం చూడాల్సొస్తుంది.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి, ఎప్పుడు వెళ్లాలి?

గుంపుకి రెండు రాత్రులు చాలు, గ్రాండ్ కాన్యన్ కలిపితే మూడు. అంతకంటే ఎక్కువైతే పెద్దవాళ్లకి విసుగు, కుర్రాళ్లకి ఖర్చు.

ఆదివారం నుంచి గురువారం దాకా రూములు చవక, శుక్ర శనివారాల్లో అదే రూము రెండు మూడు రెట్లు అవుతుంది. జనవరిలో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ షో, నవంబర్‌లో ఫార్ములా వన్ రేసు, డిసెంబర్ 31 ఈ మూడింటికీ దూరంగా ఉండండి. ఫార్ములా వన్ 2023 నుంచి స్ట్రిప్ (పెద్ద హోటళ్లన్నీ ఉన్న మెయిన్ రోడ్డు) మీదే జరుగుతోంది, దాని కోసం రోడ్లు మూయడం, బారికేడ్లు కట్టడం ముందే మొదలవుతుంది, ఆ టైములో బెలాజియో హోటల్ ఫౌంటెన్ సరిగ్గా కనపడదు, ట్యాక్సీ దొరకదు.

ఎండ గురించి గట్టిగా చెప్పాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు, 2024 జూలై 7న 120 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే దాదాపు 49 సెల్సియస్ కొట్టి ఆ ఊరి రికార్డు బద్దలైంది. "మేము రెంటచింతల ఎండలు చూసినవాళ్లం" అని నాన్నగారు అంటారు, నిజమే, కానీ ఇది ఎడారి ఎండ, చెమట పట్టినట్టే ఉండదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, దాహం వేసే టైముకే ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉంటాయి. వేసవిలో వెళ్తే పొద్దున పదిలోపు, సాయంత్రం ఏడు తర్వాతే బయట తిరగండి. మార్చి, ఏప్రిల్, అక్టోబర్ బాగుంటాయి. డిసెంబర్‌లో రాత్రిళ్లు బాగా చలి, స్వెట్టర్ కాదు జాకెట్టే కావాలి, స్విమ్మింగ్ పూల్స్ కూడా చలికాలంలో చాలావరకు మూసేస్తారు.

హోటల్ ఎక్కడ తీసుకోవాలి?

నా మాట వింటే డబ్బు ఎక్కువ పెట్టాల్సింది షోల మీద కాదు, హోటల్ ఉన్న చోటు మీద. స్ట్రిప్ అంటే లాస్ వేగాస్ బులెవార్డ్ అనే ఒక్క రోడ్డు, నాలుగు మైళ్ల పైన ఉంటుంది. తమాషా ఏంటంటే ఆ స్ట్రిప్‌లో ఎక్కువ భాగం లాస్ వేగాస్ సిటీ లిమిట్స్‌లోనే ఉండదు, ప్యారడైజ్ అనే కౌంటీ ఏరియా కిందకొస్తుంది. మధ్యలో బెలాజియో, సీజర్స్, ప్యారిస్, ఫ్లమింగో, లింక్, వెనీషియన్ హోటళ్లు ఉంటాయి. మీరు చూడాలనుకునే వాటిల్లో చాలావరకు వీటి చుట్టుపక్కలే. ఇక్కడ రూము తీసుకుంటే పెద్దవాళ్లు మధ్యాహ్నం కాసేపు వెళ్లి పడుకుని మళ్లీ సాయంత్రం రావచ్చు. ఇది చాలా పెద్ద సుఖం. చవకని దక్షిణం చివర లక్సర్‌లోనో, ఉత్తరం చివర స్ట్రాట్‌లోనో తీసుకుంటే మిగిల్చింది ఊబర్లకి పోతుంది, మధ్యాహ్నం రెస్ట్ అన్నది ఉండదు, సాయంత్రానికి అందరికీ కోపాలు.

క్యాసినో, సిగరెట్ పొగ రెండూ వద్దనుకుంటే క్యాసినో లేని హోటళ్లు కూడా ఉన్నాయి. బెలాజియో పక్కన వీడారా, ఎంజీఎం గ్రాండ్ వెనక సిగ్నేచర్. రెండూ నో స్మోకింగ్, రెండిట్లోనూ చిన్న కిచెన్ లాంటిది ఉన్న రూములు దొరుకుతాయి. చంటిపిల్లలున్నా, పెద్దవాళ్లకి ఆస్తమా ఉన్నా ముందు వీటినే చూడండి. క్యాసినో కావాలి పొగ వద్దు అంటే పార్క్ ఎంజీఎం ఉంది, 2020 నుంచి మొత్తం పొగ లేని హోటల్.

సైట్‌లో రూము 60 డాలర్లు చూపించింది, చివర్లో బిల్లు డబుల్ అయిందేంటి?

రిసార్ట్ ఫీ. రూముకి రాత్రికి 40 నుంచి 55 డాలర్ల దాకా చాలా హోటళ్లలో తప్పదు, దానిమీద 13 శాతం పైన పన్ను. వైఫై, జిమ్ లాంటివాటికి అంటారు, మీరు వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. 2025 మే నుంచి ఫెడరల్ రూల్ వచ్చి మొదట చూపించే రేటులోనే ఈ ఫీజు కలిపి చూపించాలి కాబట్టి ఇదివరకటంత షాక్ ఉండదు, అయినా పాత స్క్రీన్‌షాట్లు చూసి బడ్జెట్ వేసుకోకండి. దీనికి తోడు చెకిన్ అప్పుడు రాత్రికి ఇంతని డిపాజిట్ హోల్డ్ పెడతారు, క్రెడిట్ కార్డే ఇవ్వండి, డెబిట్ ఇస్తే ఆ డబ్బులు వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. చాలా పెద్ద హోటళ్లలో పార్కింగ్‌కి కూడా రోజు లెక్కన డబ్బులు. కారులో వెళ్తున్నవాళ్లు ఇది కూడా కలుపుకోండి.

ఒక్క రూములో ఆరుగురం సర్దుకోవచ్చా?

రెండు క్వీన్ బెడ్స్ ఉన్న రూముకి నలుగురే లెక్క. "పిల్లలేగా, కింద పడుకుంటారు" అనేది మన అలవాటు, రాత్రిపూట కొన్ని చోట్ల లిఫ్ట్ దగ్గర సెక్యూరిటీ రూం కీ చూపించమంటాడు, అప్పుడు పెద్దవాళ్ల ముందు ఇబ్బంది. కనెక్టింగ్ రూములు అడగండి, మధ్యలో తలుపు తీసుకుంటే ఇల్లులాగే ఉంటుంది. ఆన్‌లైన్‌లో రిక్వెస్ట్ పెట్టినంత మాత్రాన ఇస్తారని గ్యారంటీ లేదు, ముందురోజు ఫోన్ చేసి మళ్లీ చెప్పండి. ఇంకోటి, రూము ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి 21 ఏళ్లు నిండి ఉండాలి, కాలేజీలో చదివే తమ్ముడి పేరు మీద బుక్ చెయ్యకండి.

ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్లి రూములో అన్నం వండుకోవచ్చా?

వద్దు. ఒప్పుకోరు, పొగ అలారం మోగితే ఫ్లోర్ మొత్తం దిగాలి. మామూలు రూముల్లో మైక్రోవేవ్ ఉండదు, చాలాచోట్ల కాఫీ మెషీన్ కూడా ఉండదు. ఫ్రిజ్ ఉంది కదా అని పెరుగు డబ్బా పెట్టబోతారు చూడండి, అక్కడే అసలు సంగతి. అది మినీబార్, లోపలున్న సీసాల కింద సెన్సర్ ఉంటుంది, పక్కకి జరిపి కాసేపు ఉంచితే కొన్నట్టే లెక్క, బిల్లులో పడుతుంది. పెద్దవాళ్లకీ పిల్లలకీ మొదటి నిమిషంలోనే చెప్పండి, ఆ ఫ్రిజ్ ముట్టుకోవద్దని. టేబుల్ మీద అందంగా పెట్టిన నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు కూడా అంతే. ఫ్రిజ్ కావాలంటే హోటల్ వాళ్లని అడిగితే చిన్నది విడిగా ఇస్తారు, దానికీ రోజుకింత తీసుకోవచ్చు.

మరి తిండి సంగతి? మా అమ్మ గుడ్డు కూడా తినదు.

ఇదే అందరి గోల. మొదటిరోజుకి పులిహోర, చపాతీలు, కారప్పొడి, ఆవకాయ చిన్న సీసా సర్దుకోండి, దీనికి సిగ్గుపడక్కర్లేదు. ఫ్లైట్‌లో అయితే ఆవకాయ క్యాబిన్ బ్యాగ్‌లో వద్దు, ద్రవం కింద లెక్కేసి తీసేస్తారు. వచ్చేదారిలో కాస్ట్‌కోలోనో వాల్‌మార్ట్‌లోనో నీళ్ల కేసు, అరటిపళ్లు, పెరుగు, బ్రెడ్డు పడేసుకుంటే చాలు. హోటల్ లోపల నీళ్ల సీసాకి చెప్పే రేటు వింటే నీళ్లు తాగాలనే అనిపించదు. స్ట్రిప్ మీదే సీవీఎస్, వాల్‌గ్రీన్స్ ఉన్నాయి, అత్యవసరమైతే అక్కడ కొనుక్కోండి.

ఇండియన్ రెస్టారెంట్లు స్ట్రిప్ మీద తక్కువ, కారులో పది పదిహేను నిమిషాలు పోతే మంచివి దొరుకుతాయి. కానీ గుంపంతటినీ రెండు పూటలా అక్కడికి మొయ్యడం పెద్ద పని, ఒక్క డిన్నర్‌కి పెట్టుకుని మిగతావి దగ్గర్లో కానివ్వండి. ఎగ్ లేదు మీట్ లేదు అనేవాళ్లకి చిపోట్లేలో అన్నం బీన్స్ బౌల్ నడిచిపోతుంది, ఇటాలియన్ పాస్తా, మెడిటరేనియన్ హమ్మస్ ఉంటాయి.

బఫేల గురించి ఒక మాట. "వేగాస్ అంటే బఫే" అని పాతవాళ్లు చెప్పేది కోవిడ్ ముందు సంగతి, 2020లో మూసినవి చాలా మళ్లీ తెరవలేదు. ఉన్నవాటిల్లో సీజర్స్‌లో బకనాల్, విన్, బెలాజియో, కాస్మోపాలిటన్‌లో వికెడ్ స్పూన్ పేరున్నవి. మనిషికి అంత డబ్బు పెట్టి శాకాహారి అత్తయ్యకి సలాడ్, డెజర్ట్ తినిపించడం దండగ అని నా అభిప్రాయం, పీతలు రొయ్యలు తినే బాబాయిలకి మాత్రం గిట్టుబాటు. ఎక్కడ తిన్నా ఆరెనిమిది మంది దాటితే చాలాచోట్ల టిప్ బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకుండా మళ్లీ 20 శాతం పెట్టకండి.

పెద్దవాళ్లు నడవగలరా? లోపల తిరగడానికి ఏముంటాయి?

ఈ ట్రిప్ బాగా జరగాలంటే అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే, కానీ అందరూ చివర్లో అడుగుతారు. బిల్డింగులు మరీ పెద్దవి కావడం వల్ల దగ్గరగా కనిపిస్తాయి, "అదిగో ఎదురుగా ఈఫిల్ టవర్" అని ప్యారిస్ హోటల్ దగ్గరున్న నమూనా టవర్ వైపు బయల్దేరితే ఇరవై నిమిషాలు పడుతుంది. రోడ్డు దాటాలంటే పెద్ద కూడళ్లలో పైనున్న బ్రిడ్జి ఎక్కాలి, ఎస్కలేటర్ పాడైతే లిఫ్ట్ వెతుక్కోవాలి. హోటల్ లోపల రూము నుంచి మెయిన్ డోర్‌కే పది నిమిషాలు పడుతుంది. అందుకే చెప్పులు వద్దు, అందరికీ బూట్లు, చీర కట్టుకున్న అమ్మకి కూడా బూట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మొహమాటం లేకుండా వీల్‌చెయిరో ఎలక్ట్రిక్ స్కూటరో అద్దెకి తీసుకోండి, పెద్ద హోటళ్ల బెల్ డెస్క్‌లో అడిగితే చెప్తారు. "నాకెందుకు, నేను నడుస్తా" అంటారు, తీసుకున్నాక వాళ్లే అందరికంటే హుషారుగా తిరుగుతారు.

బస్సు: డ్యూస్ అని డబుల్ డెక్కర్, 24 గంటలూ స్ట్రిప్ పొడవునా తిరుగుతుంది, పాత డౌన్‌టౌన్ ఫ్రీమాంట్ స్ట్రీట్ దాకా పోతుంది, రోజు పాస్ తీసుకుంటే బాగా కలిసొస్తుంది. శనివారం రాత్రి మాత్రం ట్రాఫిక్‌లో నత్తనడక.

మోనోరైల్: ఎంజీఎం గ్రాండ్ నుంచి సహారా దాకా ఏడు స్టేషన్లు, హోటళ్ల వెనక వైపున ఉంటాయి కాబట్టి స్టేషన్‌కే చాలా నడవాలి. ఎయిర్‌పోర్ట్‌కి పోదు.

ఫ్రీ ట్రామ్‌లు కూడా ఉన్నాయి, మాండలే బే లక్సర్ ఎక్స్‌క్యాలిబర్ మధ్య ఒకటి, పార్క్ ఎంజీఎం ఆరియా బెలాజియో వైపు ఇంకోటి. పిల్లలకి ఇవే ఒక రైడ్.

ఎయిర్‌పోర్ట్ స్ట్రిప్‌కి బాగా దగ్గర. పాతవాళ్లు మెక్కారన్ అంటారు, 2021 డిసెంబర్ నుంచి హ్యారీ రీడ్ అని పేరు మార్చారు, అదే ఎయిర్‌పోర్ట్, కంగారు పడకండి. ఊబర్, లిఫ్ట్ (Lyft) ట్యాక్సీలు ఎక్కేది పార్కింగ్ గరాజ్‌లో, లగేజీతో కొంచెం నడక. చిన్నపిల్లలుంటే కార్ సీట్ మర్చిపోవద్దు, నెవాడాలో ఆరేళ్లలోపు, 57 అంగుళాల కంటే పొట్టి పిల్లలకి కార్ సీట్ ఉండాలని చట్టం, లేకపోతే ఊబర్ డ్రైవర్ ఎక్కించుకోనంటాడు, పక్కనే అందరూ బ్యాగులతో నిలబడి ఉంటారు.

బ్రిడ్జి మీద ఆగి గ్రూప్ ఫొటో దిగితే ఫైన్ అంట, నిజమేనా?

నిజమే. 2024 జనవరిలో క్లార్క్ కౌంటీ ఆర్డినెన్స్ తెచ్చింది, స్ట్రిప్ మీదున్న నడక బ్రిడ్జిల మీద ఆగి నిలబడకూడదు. అందరినీ పట్టుకుని ఫైన్ వేస్తారని కాదు గానీ "అత్తయ్యా కొంచెం ఇటు జరగండి, చింటూ ఇటు చూడు" అని పదిహేనుమందిని బ్రిడ్జి మధ్యలో వరసలో నిలబెట్టే కార్యక్రమం పెట్టుకోకండి. ఫొటోలకి కింద బోలెడు చోటుంది.

డబ్బు పెట్టకుండా చూడగలిగేవి ఏంటి?

చాలా ఉన్నాయి, నిజానికి పెద్దవాళ్లకి బాగా నచ్చేవి ఇవే. బెలాజియో ఫౌంటెన్ అన్నిటికన్నా ముందు, 1998 నుంచి ఆడుతోంది, ఎనిమిదెకరాల పైన చెరువు, పాటకి తగ్గట్టు నీళ్లు లేస్తాయి, పెద్దవి 460 అడుగుల దాకా పోతాయి. మధ్యాహ్నం అరగంటకోసారి, రాత్రి పదిహేను నిమిషాలకోసారి, గాలి ఎక్కువుంటే ఆపేస్తారు. ఒకసారి చూసి వెళ్లిపోకండి, చీకటి పడ్డాక గట్టు మీద చేతులు ఆనించుకుని రెండు మూడు పాటలు చూడండి, ప్రతిసారీ పాట మారుతుంది. అదే హోటల్ లోపల కన్సర్వేటరీ అని సీజన్ మారినప్పుడల్లా కొత్తగా వేసే పూల అలంకారం, అమ్మలు అక్కడి నుంచి కదలరు, బ్రహ్మోత్సవాల పూల అలంకారం చూసినంత ఇదిగా చూస్తారు. ఫ్లమింగోలో నిజం ఫ్లమింగో పక్షులున్న తోట, వెనీషియన్ లోపల ఆకాశంలా రంగేసిన సీలింగ్ కింద కాలువ, పడవలు. పడవ ఎక్కితేనే డబ్బులు, పైనుంచి చూడ్డానికి కాదు.

స్ఫియర్ 2023 సెప్టెంబర్‌లో తెరిచారు, 366 అడుగుల ఎత్తు గోళం, బయటంతా లైట్లే, బయట్నుంచి చూడ్డం ఫ్రీ. లోపలి షో ఒక్కో టికెట్ వంద డాలర్ల చుట్టూ, దాటి కూడా ఉంటుంది. పదిమందికి లెక్కేసుకుని, కుర్రాళ్లని పంపి పెద్దవాళ్లకి బయట్నుంచి చూపిస్తే సరిపోతుంది, అంత పెద్ద స్క్రీన్‌కి కొంతమందికి తల తిరుగుతుంది కూడా. డౌన్‌టౌన్‌లో ఫ్రీమాంట్ స్ట్రీట్ పైకప్పు మొత్తం స్క్రీనే, అదీ ఫ్రీ, కాకపోతే రాత్రి బాగా పొద్దుపోయాక అక్కడ తాగినవాళ్ల గోల ఎక్కువ, పిల్లలతో అయితే చీకటి పడగానే చూసేసి తొమ్మిదింటికల్లా వచ్చెయ్యండి.

"వెల్‌కం టు ఫ్యాబ్యులస్ లాస్ వేగాస్" బోర్డు 1959 నాటిది, స్ట్రిప్ దక్షిణం కొసన మాండలే బే దాటాక ఉంటుంది, ఫొటోకి లైన్ కడతారు, పొద్దున్నే పోతే ఖాళీ.

పాత యూట్యూబ్ వీడియోలు చూసి ప్లాన్ వేసుకోకండి. మిరాజ్ హోటల్ ముందుండే అగ్నిపర్వతం షో ఇప్పుడు లేదు, ఆ హోటల్‌ని 2024 జూలైలో మూసి అక్కడ గిటార్ ఆకారంలో హార్డ్ రాక్ హోటల్ కడుతున్నారు. ట్రాపికానా హోటల్ కూడా 2024లోనే మూసి, అక్టోబర్‌లో కూల్చేశారు, అక్కడ బేస్‌బాల్ స్టేడియం వస్తోంది.

పిల్లల్ని క్యాసినోలోకి రానిస్తారా?

పెద్దవాళ్లతో కలిసి నడిచి వెళ్లొచ్చు, ఆగకూడదు. నాన్న ఆడుతుంటే బాబు పక్కన నిలబడి చూడటం కుదరదు, సెక్యూరిటీ వచ్చి మర్యాదగానే పంపేస్తాడు. ఆడ్డానికీ తాగడానికీ 21, ఇందులో మినహాయింపు లేదు, 20 ఏళ్ల కూతురు సరదాకి బటన్ నొక్కి గెలిచినా డబ్బు రాదు, పైగా గొడవ.

పిల్లల కోసం విడిగా చూస్తే సర్కస్ సర్కస్‌లో అడ్వెంచర్‌డోమ్, న్యూయార్క్ న్యూయార్క్‌లో రోలర్ కోస్టర్, మాండలే బేలో షార్క్ రీఫ్, 550 అడుగుల జెయింట్ వీల్ హై రోలర్. హై రోలర్ ఒక రౌండు అరగంట, కూర్చోవచ్చు, కుదుపు ఉండదు, గుంపు మొత్తం ఒకే క్యాబిన్‌లో పట్టొచ్చు. డబ్బు పెట్టి ఒక్కటే ఎక్కించాలంటే నా ఓటు దీనికే. షోలు బుక్ చేసే ముందు వయసు రూలు చూడండి, కొన్ని సర్క్ డు సొలే (పేరున్న సర్కస్ కంపెనీ) షోలకి ఐదేళ్లలోపు పిల్లల్ని అస్సలు రానివ్వరు.

మామయ్యకి ఒక్కసారి ఆడి చూడాలని ఉంది. ఎక్కడ, ఎంత, ఎలా?

ఆడించండి, మన దగ్గర సంక్రాంతికి పేకాట ఆడితే పోలీసులొస్తారు, ఇక్కడ 1931 నుంచి చట్టబద్ధం. ఒరిజినల్ పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫొటో చాలదు. తెల్ల జుట్టు చూసి ఐడీ అడక్కపోవచ్చు, గెలిస్తే మాత్రం అడుగుతారు.

డబ్బు పద్ధతి ఇది: ఇంటి నుంచే క్యాష్ తెచ్చుకుని మనిషికి 40 డాలర్లో 50 డాలర్లో కవరులో పెట్టి ఇచ్చెయ్యండి, అది సినిమా టికెట్టు ఖర్చు లాంటిది, తిరిగి రాదు. క్యాసినోలో ఏటీఎం ఫీజు దారుణం, అది వాడేదాకా వచ్చారంటే ఆట అయిపోయినట్టే, లేవండి.

స్లాట్ మెషీన్లే మొదటివాళ్లకి సులువు. పెన్నీ స్లాట్ అని రాసి ఉంటుంది, నమ్మకండి, ఒక్క నొక్కుకి కనీసం యాభై సెంట్లో ఎనభై సెంట్లో పోతుంది, నిమిషంలో పదిసార్లు నొక్కుతారు, లెక్క మీరే వేసుకోండి. డబ్బు మిగిలితే క్యాష్ అవుట్ నొక్కితే కాగితం టికెట్ వస్తుంది, దాన్ని మెషీన్‌లో వదిలి లేవకూడదు, పోయిందంటే డబ్బు పోయినట్టే.

టేబుల్ దగ్గరకెళ్తే ముందు మినిమం బెట్ బోర్డు చూడాలి, శనివారం రాత్రి స్ట్రిప్‌లో 15, 25 డాలర్ల కింద దొరకడం కష్టం, డౌన్‌టౌన్‌లో తక్కువ. రూలెట్‌లో సున్నాలు లెక్కపెట్టండి. ఒక సున్నా ఉంటే క్యాసినో వాటా 2.7 శాతం, రెండుంటే 5.26, మూడు సున్నాలున్న టేబుల్‌లో 7.69. స్ట్రిప్‌లో మూడు సున్నాలవి బాగా పెరిగిపోయాయి, దాని దగ్గర కూర్చోవద్దు. బ్లాక్‌జాక్ అయితే టేబుల్ మీద 3కి 2 అని ఉందా 6కి 5 అని ఉందా చూడాలి, పది డాలర్ల పందానికి బ్లాక్‌జాక్ పడితే (మొదటి రెండు ముక్కల్లోనే 21 వస్తే) మొదటిదాంట్లో 15 వస్తుంది, రెండోదాంట్లో 12. ఎన్ని లెక్కలు చూసుకున్నా ఎక్కువసేపు కూర్చుంటే క్యాసినోదే గెలుపు, ఈ లెక్కలన్నీ నెమ్మదిగా ఓడిపోవడానికే.

ఆడుతున్నంతసేపూ డ్రింక్స్ ఫ్రీ, కూల్ డ్రింక్, కాఫీ కూడా, తెచ్చిన అమ్మాయికి డాలరో రెండో టిప్ ఇవ్వండి. తాగుతూ ఆడేవాళ్ల పక్కన మాత్రం ఇంట్లోవాళ్లు ఒకరు ఉండాలి.

నిజంగా జాక్‌పాట్ తగిలితే? అమ్మానాన్నలది విజిటర్ వీసా కదా?

దీనికి జవాబు ముందే తెలుసుకుని ఉండండి. స్లాట్‌లో ఒక్కసారిగా పెద్ద మొత్తం వస్తే మెషీన్ లాక్ అయిపోతుంది, మనిషి వచ్చి ఐడీ తీసుకుని ట్యాక్స్ ఫారం నింపుతాడు. ఆ లిమిట్ చాలా ఏళ్లు 1200 డాలర్లు, 2026 నుంచి 2000 చేశారు. అమెరికాలో ట్యాక్స్ కట్టేవాళ్లకి అది ఆదాయంలో కలుస్తుంది, ఫారం వచ్చినా రాకపోయినా చట్టప్రకారం చూపించాలి. విజిటర్ వీసా మీదొచ్చిన అమ్మానాన్నలు మామూలుగా నాన్ రెసిడెంట్లు కాబట్టి అక్కడికక్కడే 30 శాతం పట్టుకుని మిగతాది ఇస్తారు. బ్లాక్‌జాక్, రూలెట్, క్రాప్స్, బాకరా గెలుపుల మీద నాన్ రెసిడెంట్లకి ఆ 30 శాతం లేదు, స్లాట్లకి ఉంది.

"అయితే అబ్బాయి పేరు మీద తీసుకుంటే సరి" అంటారు వెంటనే. కుదరదు. మామూలుగా బటన్ ఎవరు నొక్కారో గెలుపు వాళ్లదే, డబ్బు ఎవరు పెట్టారన్నది చూడరు, పైన కెమెరాలన్నీ చూస్తుంటాయి. సీట్లో మనిషిని మార్చే ప్రయత్నం అస్సలు చెయ్యకండి.

రోడ్డు మీద ఏదో కాలిన వాసన వస్తుంది, అదేంటి?

గంజాయి. నెవాడాలో 2017 నుంచి 21 దాటినవాళ్లకి షాపుల్లో అమ్ముతారు. రోడ్డు మీద కాల్చకూడదు, అయినా కాలుస్తారు. మన పిల్లలకి గట్టిగా చెప్పాల్సిందేంటంటే ఫెడరల్ చట్టంలో ఇది ఇంకా నేరమే. ఎఫ్ వన్, హెచ్ వన్ బీ వీసాల మీదున్నవాళ్లకి, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నవాళ్లకి ఇది ఇమిగ్రేషన్ సమస్య అవుతుంది, కొన్నట్టు రసీదు, ఫోన్‌లో ఫొటో కూడా మంచిది కాదు. చాక్లెట్లు, గమ్మీల రూపంలో కూడా ఉంటాయి, ఎవరైనా ఇస్తే పిల్లలు నోట్లో వేసుకోకుండా చూసుకోండి.

మోసాలేమైనా ఉంటాయా?

పెద్దవేం కాదు, చిల్లరవి. బొమ్మల వేషాలేసుకున్నవాళ్లతో ఫొటో దిగితే తలా ఇంత అడుగుతారు, దిగేముందే మాట్లాడుకోండి. చేతికి సీడీ ఇస్తారు, పూసల దండ తొడుగుతారు, కాషాయం కట్టుకుని సాధువులా వచ్చి డబ్బులడుగుతారు, మనవాళ్లు భక్తితో చెయ్యి చాపుతారు. నవ్వి, ఆగకుండా నడవండి. "ఫ్రీ షో టికెట్లు" అని పిలిచేవాళ్లు టైమ్‌షేర్ (ఏడాదిలో కొన్ని రోజులు వాడుకునే రిసార్ట్ వాటా) అమ్మేవాళ్లు, అరపూట ప్రెజెంటేషన్‌లో కూర్చోబెడతారు, గుంపుతో ఉన్నప్పుడు ఆ అరపూట విలువ టికెట్ కంటే ఎక్కువ.

గ్రాండ్ కాన్యన్ కూడా కలుపుకోవచ్చా?

కలుపుకోండి, కానీ ఏ గ్రాండ్ కాన్యనో తేల్చుకోండి. గాజు వంతెన స్కైవాక్ ఉన్నది వెస్ట్ రిమ్, వేగాస్ నుంచి రెండున్నర గంటలు, అది హువాలపాయ్ తెగ వాళ్ల భూమి, నేషనల్ పార్క్ పాస్ చెల్లదు, టికెట్ విడిగా కొనాలి, స్కైవాక్ మీదికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. క్యాలెండర్లలో కనిపించే అసలు నేషనల్ పార్క్ సౌత్ రిమ్, అది ఒకవైపే నాలుగున్నర గంటలు, పెద్దవాళ్లతో ఒకేరోజులో వెళ్లి రావడం హింస, అక్కడ ఒక రాత్రి ఉండాలి. గ్రాండ్ కాన్యన్ ఉన్న అరిజోనాలో వేసవికీ చలికాలానికీ గడియారం మార్చరు కాబట్టి చలికాలంలో అక్కడ ఒక గంట ముందుంటుంది, టూర్ టైములు చూసుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

అంత వద్దనుకుంటే హూవర్ డ్యామ్ ముప్పావు గంట. 726 అడుగులు, 1930లలో కట్టారు. నాగార్జునసాగర్, శ్రీశైలం చూసిన నాన్నలు అక్కడ నిలబడి గేట్లెక్కడ అని వెతుకుతారు, టర్బైన్ల గురించి మీకే క్లాస్ పీకుతారు, క్యాసినోలో కనపడని ఉత్సాహం వస్తుంది. వేసవి కాకపోతే వేలీ ఆఫ్ ఫైర్ కూడా బాగుంటుంది, ఎర్రరాళ్లు, గంట లోపే ప్రయాణం.

గుడి ఉందా?

ఉంది, సమ్మర్లిన్ వైపు హిందూ జైన్ టెంపుల్, స్ట్రిప్ నుంచి కారులో అరగంట లోపు. టైమింగ్స్ చూసుకుని ఆదివారం పొద్దున పెట్టుకుంటే పెద్దవాళ్లకి ట్రిప్ మొత్తం మీద సంతృప్తి.

నాలుగు కుటుంబాలు, ఖర్చు లెక్కలు ఎలా?

మొదటిరోజే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో గ్రూపు పెట్టండి. రూములు ఎవరివి వాళ్లు, వ్యాన్, పెట్రోలు, కిరాణా అందరివీ, జూదం ఎవరిది వాళ్లదే. తోడల్లుడు పోగొట్టుకున్నది ఉమ్మడి ఖాతాలో పడకూడదు. అలాగే అందరూ అన్ని చోట్లకీ కలిసే తిరగాలని పట్టు పట్టకండి, రోజుకి ఒక్క భోజనం, ఒక్క ఐటం కలిసి పెట్టుకుని మిగతా టైము ఎవరిష్టం వాళ్లది. పదిహేనుమంది లిఫ్ట్ దగ్గర ఒకరికోసం ఒకరు ఎదురుచూడటంలోనే సగం రోజు పోతుంది.

లాస్ ఏంజెలెస్ వైపు నుంచి కారులో వెళ్తున్నాం, తిరిగి ఎప్పుడు బయల్దేరాలి?

ఆదివారం మధ్యాహ్నం తప్ప ఎప్పుడైనా. ఐ-15 మీద మామూలుగా నాలుగైదు గంటల దారి, 270 మైళ్లు, ఆదివారం పన్నెండు తర్వాత బయల్దేరితే ఎనిమిది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు, లాంగ్ వీకెండ్ అయితే ఇంకా ఘోరం. పొద్దున ఏడింటికల్లా వ్యాన్ ఎక్కించెయ్యండి, లేదా సోమవారం సెలవు పెట్టుకోండి. బయల్దేరేముందే ఫుల్ ట్యాంక్ కొట్టించండి, ఎడారి మధ్యలో బేకర్ లాంటి చోట్ల పెట్రోలు బాగా ఖరీదు. బాత్‌రూంకి, కాఫీకి బార్‌స్టోలో ఆగండి, మిగిలిన పులిహోర ఉంటే అక్కడే కానిచ్చెయ్యండి.